సీత్లా దాటిన జీపు

బానోతు బాబూరావు ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు గానీ, డ్యూటీ మాత్రం దిగలేదు.

పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో హెల్పరుగా చేరి, బాయిలర్ సెక్షన్‌లో ఫోర్‌మన్‌గా బయటికొచ్చిన మనిషి. ములకలపల్లి దారిలో అడవి అంచున ఉన్న తన తండా నుంచే ఇన్నేళ్ళూ బస్సులో పోయివచ్చాడు. మూడు షిఫ్టులూ తిరిగిన ఒళ్ళు కాబట్టి ఆకలి, నిద్ర, కోపం అన్నీ సైరన్ ప్రకారమే వచ్చేవి. దండలు వేసి, శాలువా కప్పి, గోడ గడియారం చేతిలో పెట్టి పంపించినా మర్నాడు పొద్దున్నే లేచి, చొక్కా టక్ చేసుకుని, వాకిట్లో నిలబడి కోళ్ళ వంక చూస్తూ "రాత్రి షిఫ్టుల ఏమన్న ప్రాబ్లమా?" అని అడిగాడు. కోళ్ళు ఏమీ చెప్పలేదు. ఆయన కింద పనిచేసినవాళ్ళూ అంతే, ఎన్నడూ ఏమీ చెప్పలేదు.

స్టేషన్‌లో ఏ మిషను మీద చెయ్యి వెయ్యాలన్నా ముందు లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపామన్న అనుమతి, తీసుకోవాలి. బాబూరావు ఆ ఆచారాన్ని వంటింటికి తెచ్చాడు. భార్య ద్వాలి మిక్సీ దగ్గరికి పోతే చాలు, "లైన్ క్లియర్ తీసుకున్నవా?" అనేవాడు. ద్వాలి కొన్నాళ్ళు ఓర్చుకుంది. సత్తుపల్లిలో ఉద్యోగం చేస్తున్న కొడుకు కోటేష్‌కి ఫోన్ చేసి, "మీ నాయిన బాయిలర్‌ను ఆడ ఇడిసిపెట్టి వచ్చిండనుకున్న. అది కడుపుల పెట్టుకోని వచ్చిండు రా" అని మొత్తుకుంది. ఏదో ఒక పని చూపించమని కోటేష్ సలహా ఇచ్చాడు. ఆ సలహా తండ్రి చెవిన కూడా పడింది. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు పాత జీపు సంగతి ఎందుకు వదిలేశారో తెలియదు. వాళ్ళ కాలానికి అది ఇంకా కొత్తది కాబోలు.

వాగు అవతల జంగ్లాత్ ఆఫీసు ఉంది. అడవి శాఖను ఇక్కడ పెద్దలు జంగ్లాత్ అనే అంటారు. ఆ ఆఫీసు వెనక ఒక పాత జీపు ఏళ్ళ తరబడి నేలలోకి దిగబడి ఉండేది. దాని అడుగురేకు చీల్చుకుని ఒక సీతాఫలం చెట్టు పైకి లేచింది. జీపులోంచి చెట్టు మొలిచిందో, చెట్టుకు జీపు కాసిందో చెప్పడం కష్టం. అడవిని పెంచడానికని కొన్న బండి మూలన పడ్డాక కూడా తన డ్యూటీ మానలేదన్నమాట. పాత సామాను వేలం వేస్తున్నారని తెలిసి బాబూరావు అందరికంటే ముందు పోయి కూర్చున్నాడు. కొత్తగూడెం నుంచి వచ్చిన ఇనుప సామాను వ్యాపారి జీపును ఒకసారి తట్టి చూసి, చేతికంటిన తుప్పు దులుపుకున్నాడు.

"ఇండ్ల ఇనుము ఎప్పుడో అయిపోయిందన్నా. జంగు ఒక్కటే మిగిలింది. నీకెందుకు?"

"నాకు కావాలె" అన్నాడు బాబూరావు. పోటీ లేని వేలంలో గెలిచి, గెలిచినవాడిలా మీసం కూడా దువ్వుకున్నాడు.

చెట్టుతో, దాని వేళ్ళు పట్టుకున్న మట్టితో సహా ట్రాక్టర్ ట్రాలీలో ఊరేగింపుగా వచ్చిన జీపును గొడ్ల కొట్టంలో దింపించాడు. కొట్టం ఖాళీగానే ఉంది. ఉద్యోగం వచ్చాక చూసుకునే దిక్కులేక గొడ్లన్నీ అమ్మేశారు. రిటైరయ్యాడు కదా, ఆ కొట్టంలో ఒక పాడిబర్రెను కట్టేద్దామని ద్వాలి ఏడాది నుంచి ఎదురుచూస్తోంది. బర్రె రావాల్సిన చోట జీపు దిగేసరికి ఆమె చీపురు కింద పడేసి నిలబడింది.

"వచ్చే ఆషాఢంల సీత్లా పండుగ దాంక చూస్త. అప్పటికి అది దాని కాళ్ళ మీద అది నడిస్తే సరే. లేకుంటే బర్రెను తోలుకొస్త, దీన్ని నూకేస్త."

ఇంతకీ ఈ మనిషికి ఈ జీపే ఎందుకు కావలసి వచ్చిందంటే, తండ్రి హేమ్లా కోసం.

ఆ కథ తండాలో అందరికీ తెలుసు. బాబూరావు మూడో తరగతిలో ఉండగా ఇంటి కప్పు కూలింది. దూలానికని హేమ్లా అడవిలో ఒక టేకు కర్ర కొట్టాడు. అప్పటి రేంజరు జీపులో వచ్చి కర్రనూ మనిషినీ కలిపి పట్టుకుపోయాడు. కర్రను సీటు మీద పెట్టి, హేమ్లాను కింద రేకు మీద కూర్చోబెట్టారు. వాగు దాటుతుంటే జీపు ఇసుకలో దిగబడి ఆగిపోయింది. హేమ్లాను దింపి తోయమన్నారు. ఒడ్డెక్కించాక కూడా ఇంజిను అందుకోలేదు. దొర దిగి నడవడం బాగుండదు కాబట్టి, వాగు దగ్గర్నుంచి ఆఫీసు దాకా హేమ్లా ఆ జీపును తోస్తూనే పోయాడు. తనను లోపల వేయడానికి పోతున్న బండిని తనే తోసుకుపోయిన మనిషి ఈ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. ముసలాయన ఆ సంగతి నవ్వుతూనే చెబుతాడు. "రెక్కలు నావి. మిగిలిన పెట్రోలు సర్కారుది" అంటాడు.

బాబూరావు మాత్రం నవ్వలేడు. ఆ రోజు వాగు ఒడ్డున నిలబడి అంతా చూశాడు. "మా బాపును ఇడిసిపెట్టుండ్రి" అని ఒక్క కేక కూడా వేయలేకపోయాడు. భయానికి నాలుక ఎండిపోయింది. తర్వాత ఎన్నో ఏళ్ళు ఉద్యోగం చేశాడు గానీ ఆ భయం ఒంట్లోంచి పూర్తిగా పోలేదు. ఆఫీసరు ఎవరైనా కనబడితే చాలు, చేతులు వాటంతట అవే కట్టుకుంటాయి. ఆ జీపును నడిపించాలి, తండ్రిని ముందు సీట్లో కూర్చోబెట్టి అదే వాగు దాటించాలి. మనసులో ఉన్న కోరిక అదొక్కటే. అది చెప్పుకోవడానికి సిగ్గేసి, లోకానికి మాత్రం "వింటేజ్ వెహికిల్, మస్తు డిమాండు" అని చెప్పేవాడు.

జీపు వచ్చిన రోజు హేమ్లా చేతికర్ర పొడుచుకుంటూ కొట్టంలోకి వచ్చాడు. ఎనభై దాటిన మనిషి, చూపు మందగించింది గానీ మాట మందగించలేదు.

"బాపూ, ఇదే గదా ఆ జీపు?" అని అడిగాడు బాబూరావు.

"అన్ని జీపులు గిట్లనే ఉంటయి రా" అన్నాడు ముసలాయన. అంటూనే వెనక్కి పోయి, వెనక రేకు మీద రెండు అరచేతులూ ఆనించాడు. సరిగ్గా అక్కడ రేకు కొంచెం లోపలికి సొట్టపోయి ఉంది. కాసేపటికి చేతులు తీసి, తుప్పును పంచెకు తుడుచుకున్నాడు. ఇంకేం అడగాలి?

"నడిచినంక నిన్ను ముందల సీట్ల కూసోబెడత బాపూ."

"నేను ఎక్క. దాని చప్పుడు ఇనబడితే నా కాళ్ళు ఇప్పటికీ అడివి దిక్కే ఉరుకుతయి" అని ముసలాయన మంచం మీదికి వెళ్ళిపోయాడు. కొడుకు ఆ మాటను పట్టించుకోలేదు. బండి నడిస్తే మనసు దానంతటదే మారుతుందనుకున్నాడు. ఇంజినీర్లందరికీ ఉండే నమ్మకమే అది.

పని మొదలైంది. ముందు సీతాఫలం చెట్టును తీయాలి. అప్పుడే అది పిందెలు వేసి ఉంది. పండ్లు తిన్నాక తీద్దామని ద్వాలి అంది. పండ్లు తిన్నాక చలికాలం వచ్చింది. చలికాలంలో డ్రైవరు సీటు మీద కోడి పొదుగుకు కూర్చుంది. కోడిని లేపితే గుడ్లు మురిగిపోతాయని కొట్టం తలుపు మూసేసింది ద్వాలి.

"లైన్ క్లియర్ ఇయ్య. మిషన్ మీద నా కోడి ఉన్నది" అంది. మొగుడు నేర్పిన చదువును మొగుడికే అప్పజెప్పింది. కోడిపిల్లలు లేచి వాకిట్లోకి నడిచేదాకా ఫోర్‌మన్ గారు అరుగు మీద పానాలు తుడుచుకుంటూ కూర్చున్నారు.

తర్వాత తుప్పు సంగతి. పాల్వంచలో వెంకటప్పయ్య అని పేరుమోసిన మెకానిక్ ఉన్నాడు. జీపుల డాక్టరని బోర్డు కూడా ఉంది. ఆయన వచ్చాడు. నాటుకోడి పులుసుతో భోంచేశాడు. బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, బానెట్ మీద చెయ్యి వేసి, "పాత బంగారం" అని వెళ్ళిపోయాడు. రెండోసారి వచ్చి, ఇంకో కోడిని తిని, "ఇట్లాంటి మాలు ఇప్పుడు దొరకదు" అన్నాడు. మూడోసారి కబురు పెడదామంటే కోయడానికి కోళ్ళు మిగల్లేదు, సీటు మీద పుట్టిన పిల్లలకు ఇంకా ఈకలు కూడా సరిగా రాలేదు. ద్వాలి వాటిని గంప కింద మూసి గంప మీద కూర్చుంది. ఇక లాభం లేదని బాబూరావు తనే తుప్పు మీదికి దిగాడు. ఇత్తడి బిందెకు చింతపండు పెట్టి తోమితే తళతళలాడుతుంది కదా, జీపుకు మాత్రం ఎందుకు పనిచేయదని ఆలోచించాడు. అవతలి గూడెం జంపక్క దగ్గర ఏడాదికి సరిపడా కొనిపెట్టిన చింతపండు జాడీ మొత్తం నానబెట్టి, జీపుకు నలుగు పెట్టాడు. తుప్పు కొంత పోయిన మాట నిజమే. ఆ ఏడాది ఇంట్లో చారు పోయిన మాట కూడా నిజమే.

"మామకు చెప్పవే, ఈ పూట చప్పిడి పప్పే అని" అని ద్వాలి కోడిపెట్టతో అంది. పాతకాలపు లంబాడీ కోడళ్ళు మామతో ఎదురుపడి మాట్లాడరు. తల మీది ముసుగు సరిచేసుకుని, ఆయన వినేటట్టు పక్కనున్న దేనితోనో చెబుతారు. ముప్ఫై ఏళ్ళ నుంచి ద్వాలి చెప్పాల్సిందంతా కోళ్ళతో, కుక్కతో, గోడతో చెబుతూ వచ్చింది. మామకు ఏ అవసరమూ తప్పిపోలేదు. మొగుడితో ఎదురుగా చెప్పిన మాటలే తప్పిపోతుండేవి.

తండాలో ప్రతివాడూ ఒకసారి వచ్చి చూసి, ఒక ఉచిత సలహా పడేసి పోయేవాడు. ఒకడు చక్రాలు తీసి ఎడ్లబండికి వేయమన్నాడు. ఇంకొకడు దాని మీద వరి నారు పోయమన్నాడు. బాబూరావు ఎవరినీ లెక్కచేయలేదు. గీకాడు, రుద్దాడు, విప్పాడు, బిగించాడు. విప్పినన్ని బిగించగా కొన్ని మిగిలాయి. వాటిని డబ్బాలో వేసి "స్పేర్లు" అన్నాడు. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు మాట్లాడే మనిషి, జీపుతో మాత్రం ఇంగ్లీషు మాట్లాడేవాడు. "కమాన్, స్టార్ట్" అనేవాడు. అది ఏ భాషకూ లొంగలేదు.

వేసవి చివర్లో ఒకరోజు హ్యాండిల్ పెట్టి తిప్పితే ఎదురు తన్నింది. మణికట్టు వాచింది గానీ బాబూరావు ఆనందానికి హద్దు లేదు. తన్నిందంటే ప్రాణం ఉన్నట్టే కదా. ద్వాలి వేడి నీళ్ళతో కాపడం పెడుతూ, జీవితంలో మొదటిసారి ఆ ఇంజినులోకి తొంగి చూసింది.

"ఏంది ఇదంత?"

బాబూరావు పొంగిపోయాడు. ఆమెకు అర్థమయ్యే భాషలో విప్పి చెప్పాడు. "చూడు, ఇది రేడియేటర్. గొడ్డు కుడితి తాగినట్టు నీళ్ళు తాగుతది. ఇగో ఇది కార్బురేటర్, ఇది దాని నోరు. ఇట్లకెల్లి గాలి గుంజుకుంటది. దీని మీద మూత ఒకటి ఉండాలె, ఎయిర్ క్లీనర్ అంటరు, అది ఏడ ఎతికినా దొరకలే. నోరు తెరిచే ఉంటది."

"నోరు ఇదా?" అని ద్వాలి వేలు పెట్టి మరీ చూపించి అడిగింది.

"అవ్. ఇదే నోరు."

చెప్పింది చెప్పినట్టు గుర్తుపెట్టుకునే మనిషి ద్వాలి. ఆ సంగతి బాబూరావుకు తెలుసు. తెలిసినవన్నీ సమయానికి గుర్తురావాలని ఎక్కడుంది?

జీపు వాసన పట్టి జంగ్లాత్ సెక్షన్ ఆఫీసర్ వెంకటకృష్ణ కూడా వచ్చాడు. మధిర వైపు కుర్రాడు. కొత్త ఉద్యోగం, మెత్తటి మాట. జీపు తలుపు మీద తుప్పు గీకితే "అటవీ" అనే అక్షరాలు బయటపడ్డాయని ఎవరో చెప్పారట. "ఆ అక్షరాలు మాత్రం తీసేయాలండీ, ప్రైవేటు బండి మీద ఉండకూడదు" అని చెప్పడానికి బైకు మీద వచ్చాడు. వచ్చి, బండిని చూసి, వచ్చిన పని మరిచిపోయాడు. "ఎంత బాగుందండీ! మా ఆఫీసు బండి షెడ్డులో ఉంది. ఇది నడిస్తే మొదటి రైడ్ నాకే ఇవ్వాలి, బాబూరావు గారూ."

"తప్పకుండ సార్" అన్నాడు బాబూరావు. చేతులు అప్పటికే కట్టుకుని ఉన్నాయి. మంచం మీద హేమ్లా అటు తిరిగి పడుకున్నాడు.

ఆషాఢం వచ్చింది. సీత్లా పండుగకు తండా పొలిమేరలో, వాగుకు పోయే దారి మీద ఏడు రాళ్ళు నిలబెట్టి ఏడుగురు అక్కచెల్లెళ్ళను కొలుస్తారు. రోగం రొష్టు రాకుండా తండాలోని గొడ్డూ గోదా అన్నిటినీ ఆ రాళ్ళ పక్కన గీసిన మొక్కు గీత మీదుగా దాటిస్తారు. ఆడవాళ్ళు పాటలు పాడుతూ గుగ్గిళ్ళు చల్లుతారు. ప్రతి ఇంటి ఇల్లాలూ తన ఇంటి గొడ్డు నోట్లో తన చేత్తో ఒక పిడికెడు గుగ్గిళ్ళు పెడుతుంది. దాటడం మొదలుపెట్టిన గొడ్డు వెనక్కి మళ్ళితే మాత్రం, పోయే రోగాన్ని మళ్ళీ వెంట తెస్తుందని ఈ తండాలో గట్టి నమ్మకం. గొడ్లు లేని బాబూరావు ఇల్లు ఇన్నేళ్ళూ పక్కింటి దూడను అడిగి తెచ్చుకుని దాటించేది. ఈసారి జీపును దాటిస్తానని ఆయన నాయక్ దగ్గరికి పోయాడు.

తండా నాయక్ నవ్వలేదు. నాయక్ అన్నాక నవ్వకూడదు. పెద్దమనుషులను కూర్చోబెట్టి పంచాయతీ పెట్టాడు. జీపు గొడ్డా కాదా? నీళ్ళు తాగుతుందా, తాగుతుంది. బరువు మోస్తుందా, మోస్తుందనే అంటున్నారు. పేడ వేస్తుందా అంటే, కింద నల్లటి నూనె కారుతోందని సాక్ష్యం దొరికింది. చివరికి బాబూరావు వాచిన మణికట్టు చూపించాడు.

"తన్నుతదా?" అన్నాడు నాయక్ సంతోషంగా. "ఇగ అనుమానం లేదు, గొడ్డే. దాటియ్యి. కాని ఎనకకు మాత్రం రావొద్దు."

పండుగ మంగళవారం వచ్చింది. తెల్లవారకముందే బాబూరావు జీపుకు స్నానం చేయించి, వేపమండలు కట్టాడు. అడుగురంగు తప్ప పై రంగు వేయలేదు కాబట్టి అది ఇటుక బట్టీలోంచి అప్పుడే తీసినట్టుంది. ఇంజినుకు మాత్రం వెండి రంగు పూశాడు. ఆ రంగు తండా అంతా చూడాలి కదా! అందుకని బానెట్ ఊడదీసి కొట్టంలో పెట్టాడు. హ్యాండిల్ తిప్పాడు. తన్నలేదు. దగ్గింది, తుమ్మింది, ఒక్కసారి గట్టిగా గర్జించి అందుకుంది. బాబూరావు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగ వల్ల అని చెప్పాడు. పొగ కూడా తక్కువేమీ లేదు.

"బాపూ, రా! ఎక్కు!"

హేమ్లా మంచం కోడు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. ఆ చప్పుడు వినగానే ముసలి మొహం పాలిపోయింది. "నేను నడిచి వస్త. నువ్వు పో" అన్నాడు. బాబూరావు ఆశ వదులుకోలేదు. పొలిమేర దగ్గర అందరి ముందూ అడుగుతాను, అప్పుడు కాదనడు అనుకున్నాడు.

పొలిమేర దగ్గర జాతరలా ఉంది. ఆవులు, ఎద్దులు, బర్రెలు, మేకలు, వాటి మధ్యలో గురగురలాడుతూ జీపు. సరిగ్గా అప్పుడే వెంకటకృష్ణ దిగాడు. ఆటో ట్రాలీ నిండా మొక్కలు తెచ్చాడు. మొక్కలు పంచి ఫోటో పంపమని పైనుంచి ఆర్డరట. అందరికంటే పెద్దవాడని హేమ్లాను పిలిచి, చేతిలో ఒక మొక్క పెట్టి, పక్కన నిలబడి ఫోటో దిగాడు.

"ఏం మొక్క ఇది?" అని అడిగాడు హేమ్లా, కళ్ళు చికిలించి.

"టేకండీ, తాతగారూ. బాగా పెంచండి."

హేమ్లా ఆ మొక్కను ఇటూ అటూ తిప్పి చూశాడు. "అప్పుడు ఎత్తుకపోయిన కర్రకు ఇయ్యాల చిల్లర ఇచ్చినట్టున్నరు" అన్నాడు. ఆఫీసరుకు ఏమీ అర్థంకాక మర్యాదగా నవ్వాడు. నవ్వుతూనే జీపు చప్పుడు విన్నాడు. విని, పిల్లాడిలా పరిగెత్తుకొచ్చాడు. "స్టార్టయిందాండీ! ఫ్రంట్ సీటు ఖాళీయేనా?"

బాబూరావు నోరు తెరిచాడు. అది మా బాపు సీటు సార్, అని చెప్పాలి. నాలుక దాకా వచ్చింది. వాగు ఒడ్డున మూడో తరగతి పిల్లాడికి ఎండిపోయిన నాలుకే ఇది కూడా.

"కూసోండి సార్" అన్నాడు.

వెంకటకృష్ణ ఎక్కి కాలు మీద కాలు వేసుకున్నాడు. ఆ కుర్రాడి తప్పేమీ లేదు. ముందు సీటు ఖాళీగా కనబడితే అది తనదేననుకోవడం ఉద్యోగంతో పాటు వస్తుంది. హేమ్లా దూరంగా, చేతిలో టేకు మొక్కతో చూస్తున్నాడు. తనను తాను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది బాబూరావుకు. కొట్టుకోలేదు. గేరు వేశాడు.

జీపు కదిలింది. ఏడు రాళ్ళ పక్కనుంచి ముందు చక్రాలు మొక్కు గీత దాటాయి. ఆడవాళ్ళు పాట ఎత్తుకుని గుగ్గిళ్ళు చల్లారు. ఇక ఇల్లాలి వంతు. గిన్నె పట్టుకుని ద్వాలి ముందుకొచ్చింది. ముందు సీటు వైపు ఒకసారి చూసింది. మామ వైపు ఒకసారి చూసింది. చేతి నిండా గుగ్గిళ్ళు తీసుకుని, మొగుడు నేర్పింది నేర్పినట్టు, ఆ గొడ్డు నోట్లో పెట్టింది.

"నోట్లె కాదు!" అని బాబూరావు అరిచేలోపే కార్బురేటర్ గుటుక్కున మింగింది. ఒక దగ్గు, ఒక ఎక్కిళ్ళ చప్పుడు, అంతే. జీపు గీతకు అడ్డంగా, ముందు కాళ్ళు అవతల, వెనక కాళ్ళు ఇవతల పెట్టి నిలబడిపోయింది.

తెలిసి పెట్టిందా, తెలియక పెట్టిందా అని తండాలో ఇప్పటికీ వాదన నడుస్తోంది. ద్వాలిని అడిగితే, "గొడ్డుకు నోట్లె పెట్టక చెవుల పెడతరా?" అంటుంది.

వెనక గొడ్లన్నీ ఆగిపోయి అరవడం మొదలుపెట్టాయి. బాబూరావు రివర్స్‌లో తోసి పక్కకు తీద్దామన్నాడు. ఆ మాటకు నాయక్ చేతిలో కర్ర పైకి లేచింది.

"ఎనకకా? తండా మీదికి రోగం తెస్తవా? ముందటికే. నూకుండ్రి అందరు!"

మగవాళ్ళంతా వెనక చేరారు. ఒక ముసలాయన ముందు సీటు వైపు వేలు చూపించి, "సారూ, మీరు గూడ దిగుండ్రి, బరువు" అన్నాడు. వెంకటకృష్ణ మంచివాడు, వెంటనే దిగి, యూనిఫాం చేతులు పైకి మడిచి, తను కూడా వెనక రేకు మీద చేతులు ఆనించాడు. సరిగ్గా ఆ సొట్ట ఉన్న చోట.

ముందు సీటు ఖాళీ అయింది. ఇంజిను చప్పుడు లేదు.

ద్వాలి ముసుగు సరిచేసుకుంది. ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా ఆ బండితో మాట్లాడని మనిషి, దాని తలుపు మీద చెయ్యి వేసి, గట్టిగా, అందరికీ వినబడేటట్టు చెప్పింది. "ఓ జీపూ, మామను ముందల సీట్ల కూసోమను. ఇప్పుడు నీ గొంతు మూసుకున్నది గదా, భయం లేదని చెప్పు."

హేమ్లా తొందరపడలేదు. కర్ర పొడుచుకుంటూ వచ్చి, బండి చుట్టూ తిరిగి, వెనక తోయడానికి వంగి ఉన్న యూనిఫాంను ఒకసారి పైనుంచి కింది దాకా చూశాడు. తర్వాత ముందుకు పోయి, ద్వాలి భుజం ఆసరాతో ఎక్కి, సీట్లో సర్దుకుని కూర్చున్నాడు. టేకు మొక్కను ఒడిలో పెట్టుకున్నాడు.

"ఊఁ. నూకుండ్రి" అన్నాడు.

స్టీరింగును పక్కన నడిచే నాయక్‌కు అప్పగించి బాబూరావు కూడా వెనక చేరాడు. తోశారు. జీపు గీత దాటింది. ఆడవాళ్ళు మళ్ళీ పాట ఎత్తుకున్నారు. ఆగిన గొడ్లన్నీ దాని వెనకే దాటాయి. దారి వాలుగా వాగు వైపు పోతుంది. వాన ఇంకా సరిగా పడలేదు కాబట్టి వాగులో చీలమండ లోతు నీళ్ళే ఉన్నాయి. వాగు దాటించి ఒడ్డెక్కించేసరికి అందరికీ ఊపిరి ఆడలేదు. ఒక్కొక్కరే వెనకబడ్డారు. చివరికి వెనక రేకు మీద రెండు జతల చేతులే మిగిలాయి. ఒక జత బాబూరావువి, ఇంకో జత ఆఫీసరువి.

"దాటిపోయింది కదండీ, ఇక ఆపుదామా?" అన్నాడు వెంకటకృష్ణ, చెమట తుడుచుకుంటూ.

బాబూరావు తలెత్తి అడిగాడు. "బాపూ, సీత్లా దాటింది, వాగు దాటింది. ఇగ ఆపాల్నా?"

ముందు నుంచి ముసలాయన వెనక్కి తిరగకుండానే జవాబిచ్చాడు.

"అప్పుడు నాతోని ఆఫీసు దాంక నూకిచ్చిండ్రు రా. ఆడిదాంక పోదాం."

ఇది కూడా పండుగ ఆచారమే కాబోలనుకుని వెంకటకృష్ణ మళ్ళీ వంగాడు. బాబూరావు తన చేతుల వంక చూసుకున్నాడు. ఆఫీసరు పక్కనే ఉన్నా అవి కట్టుకుని లేవు, జీపు రేకు మీద ఉన్నాయి. గొంతు సవరించుకున్నాడు. ఈసారి నాలుక ఎండలేదు.

"కొంచెం గట్టిగ నూకుండ్రి సార్" అన్నాడు. "మా బాపు కూసున్నడు."